వంగపండు పాట పాడేం, మన పాట ఎప్పుడు కడతాం?

(వంగపండు ప్రసాదరావు వర్ధంతి రోజున మా యువజన సభలో మాట్లాడిన మాటలివి. కొద్దిగా సరిచేసి పెడుతున్నాను.)



నేను డిగ్రీ చదివినప్పుడు ఆదివాసీ దినోత్సవం నాడు వంగపండు పాట పాడేను. హాలంతా చప్పట్లు. కిందికి దిగేక మా ఊరి అవ్వ ఒకామె దగ్గరికి పిలిచి, "బాగుంది బాబూ, మరి మన సవర మాటలో ఒకటి పాడకపోయావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీదే ఈరోజు మాట్లాడతాను.

వంగపండు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టేరు. కొండ కిందపల్లె. సంగీతం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఊడుపుల్లో ఆడోళ్ళ పాటలు, జముకు చప్పుడు, వీధి భాగోతం, ఇవే ఆయన బడి. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జన నాట్య మండలి నిలబెట్టేరు. వందల పాటలు కట్టేరు, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఊరూరా ఆడి పాడేరు. 'భూమి భాగోతం' అనే నృత్యరూపకం రాశారు. 1986లో వచ్చిన 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాతో ఆయన పాట టాకీసుల దాకా పోయింది. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలోనే కన్నుమూశారు.

ఇదంతా మీకు తెలిసిందే. మనకి పనికొచ్చేది ఇంకొకటుంది. ఆ పాటలు ఎందుకు నిలబడ్డాయి?

మొదటిది, భాష. మన ఉత్తరాంధ్ర యాసని చదువుకున్నోళ్ళు వెక్కిరించే రోజుల్లో ఆయన అదే యాసలో రాశారు. 'వెళ్దాం' అని రాయలేదు, 'ఎల్దం' అనే రాశారు. మన నోట్లో మాట మన నోటికే తిరిగొచ్చింది. అందుకే చదువు రానోళ్ళకి కూడా ఒక్కసారి వింటే పట్టుబడిపోయింది.

రెండోది, పని. మిషను మీద ఆయన కట్టిన పాట చూడండి. అందులో ఉపన్యాసం లేదు. ఆ మిషను దేనివల్ల తిరుగుతోందో విప్పుకుంటూ పోతే, చివరికి కార్మికుడి చెమట దగ్గర తేలుతుంది. షిప్‌యార్డులో పనిచేసిన చెయ్యి కాబట్టి ఆ పాట అలా వచ్చింది.

మూడోది, చరిత్ర. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలని భూస్వాముల మనుషులు కాల్చి చంపేరు. జముకుల కథని ఉద్యమ కథగా మార్చిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయారు. ఆ రోజుల్లో ఈ కొండల్లో నడిచిన పోరాటమే వంగపండు పాటకి నేల. అంటే, నెత్తురు మనది. అది పాటై దేశమంతా తిరిగింది, మంచిదే. కానీ ఆ పాట తెలుగులో ఉంది. కొండ కింద పుట్టినాయన మన గురించి అంత రాస్తే, కొండ మీద పుట్టిన మనం మన మాటలో ఎన్ని రాశాం?

ఇక్కడ నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. ముందు నన్ను నేనే అడుగుతున్నాను. కందికొత్తల పండక్కి మనం డీజే పెట్టుకుంటున్నాం. డప్పు మూల పడింది. అవ్వలకి వచ్చిన పాటలు అవ్వలతోనే పోతున్నాయి. మనం మాత్రం ఫోనులో స్టేటస్ పెట్టుకోడానికి ఇంకొకరి పాట వెతుకుతున్నాం.

పాట కట్టడానికి సంగతులు లేవా? డోలీ ఉంది. గర్భిణిని ఇద్దరు మోస్తారు, ముందొకడు వెనకొకడు. ఆ కర్ర ఎక్కడిది, ఆ దుప్పటి ఎవరిది, రోడ్డు ఫైలు ఏ టేబుల్ మీద ఆగింది అని ఒక్కొక్కటే అడుక్కుంటూ పోండి, పాట అదే వస్తుంది. జీవో నంబరు 3 ఉంది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు స్థానిక ఆదివాసీలకే అన్న ఆ జీవోని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. టీచరు ట్రైనింగ్ చేసి ఇంట్లో కూర్చున్న అక్కలు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళ మీద ఒక్క పాటైనా ఉందా?

కరపత్రం ఒకసారి చదివి పడేస్తారు. పాట అలా కాదు, కంచం కడిగినప్పుడు కూడా నోట్లో ఆడుతుంది. వంగపండు జీవితం మనకి నేర్పేది ఇదే.

కాబట్టి ఒక పని పెట్టుకుందాం. ఆగస్టు 9కి ఐదు రోజులుంది. ఒక్కో ఊరి నుంచి ఇద్దరు చాలు. మీ ఇంట్లో పెద్దోళ్ళ దగ్గర కూర్చుని ఒక పాత పాట ఫోనులో రికార్డు చెయ్యండి. ఎవరు పాడేరో, ఏ పనిలో పాడతారో రాసుకోండి. ఆ వరస మీదే ఈనాటి మన కష్టం ఒకటి కట్టండి. సవరలో కట్టండి, కువిలో కట్టండి, మన జాతాపు ఊళ్ళ తెలుగులో కట్టండి. తప్పులొస్తే రానీండి, అవ్వలు దిద్దుతారు.

నేనూ ఒకటి మొదలెట్టేను. నాలుగు చరణాలు కూడా కాలేదు, రెండు మాటలకి సవర గుర్తు రాక మా అమ్మని అడిగేను. సిగ్గేసింది. అయినా 9వ తారీకున పాడతాను. ఆ అవ్వ ముందు వరసలో కూర్చుంటుంది.

వంగపండుకి జోహార్. జై ఆదివాసీ.