లెక్కలోకి రాని గోలీలు

పట్టభద్రులైన చిరంజీవులారా!

మధుమేహ చికిత్సకు దీర్ఘకాలమున నగు వ్యయమును గణించుటయే నా వృత్తి గనుక, ఆ యొక్క విషయమే మీతో ముచ్చటింతును. 1998లో ఫలితములు వెలువడిన బ్రిటిషు మధుమేహ పరిశోధన నాధారముగా గొని 2004లో ఆక్స్‌ఫర్డు పండితులు ప్రకటించిన గణితనమూనా, రోగి వయస్సును, బరువును, రక్తమందలి చక్కెరను గ్రహించి, గుండెపోటు, అంధత్వము, మూత్రపిండముల వైఫల్యము ఏ యేట ఎంతవరకు సంభవములో అంచనా కట్టును. నేడు మందుకు పెట్టిన రూపాయి రేపటి డయాలిసిస్ ఖర్చును ఎంత తప్పించునో అట్టి గణనవలననే తేలును. గొప్ప విద్యయే. అయినను, స్థూలకాయము లేకయే, చిన్న వయస్సుననే ఈ వ్యాధి పాలగు మన జనులకు ఆ సమీకరణములు యథాతథముగా సరిపడవు.

2008లో విమానాశ్రయము తెరచిన తరువాతి యేండ్లలో, గృహవ్యయముల వివరములకై ఈ శంషాబాదులోనే తిరుగుచుండగా, రాత్రింబవళ్లు కారులోనే కూర్చుండి ప్రయాణికులకై వేచియుండు డ్రైవరొకడు జేబులోనుండి మధుమేహపు మాత్రల స్ట్రిప్పు తీసి చూపినాడు. పదింటిలో నాలుగింటిని మందుల దుకాణమువాడు కత్తెరతో కత్తిరించి యిచ్చిన ముక్క అది. "గిరాకి దొరికిన్నాడు కొంట సార్, లేకుంటే గోలీలు ఆపుత. కిస్తీ ఆగది గద!" అన్నాడు.

నమూనాలలో అతడు ఏటికి 365 దినములు మాత్ర వేసికొనును. మానిన దినములు ఏ పట్టికలోను కానరావు. వాని ఫలము దశాబ్దము తరువాత పాదమున పుండై, పాడైన మూత్రపిండమై బయటపడును. అప్పుడు, 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము డయాలిసిస్ ఖర్చు భరించును గాని, వారమునకు రెండుమూడు మార్లు భర్తను ఆసుపత్రికి తోడ్కొనిపోవు ఇల్లాలి కూలి యెవరు భరింతురు?

భావి వ్యయములను ఏటికి 3 శాతము చొప్పున తగ్గించి లెక్కింపుడని మన దేశపు మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆ లెక్కను 20 ఏండ్ల తరువాతి 100 రూపాయలు నేటికి సుమారు 55 రూపాయలే. ధనమున కది న్యాయమే కావచ్చును. తెగిన కాలు మాత్రము ఎన్నేండ్లకైనను పూర్తి కాలే.

ఏమర్రా, కంప్యూటరు ముందు కూర్చుండి వేలకొలది కల్పిత రోగులను క్షణములో పుట్టించి, వారి యాయుస్సును దశాంశముల వరకు తేల్చి మురిసిపోవుచున్నారే, నిజమైన రోగి యింట ఒక్కపూట కూర్చుండి మంచినీళ్లు త్రాగితిరా? లేదని మీ మొగములే చెప్పుచున్నవి! కోపగించుకొనకుడు నాయనలారా, మీ తెలివిపై నాకు గల నమ్మకమే ఇట్లు మందలించుచున్నది.

మీరు వ్రాయు ప్రతి నివేదికలోను మందు మానిన దినముల కొక వరుస, ఇంటివారు కోల్పోయిన కూలి కొక వరుస ఉంచుడు. వానిని నింపుటకు ఎండలో తిరుగవలసివచ్చును, తిరుగుడు. ఏ మందు ప్రజలకు ఉచితముగా నందవలెనో నిర్ణయించు పెద్దలు మీ పట్టికనే చూతురు. అందులో లేనివాడు వారి కంట పడడు.