పసిబిడ్డల యొంటి పొక్కులు



నేను వైద్యుడను కాను. 35 ఏండ్లు బడిలో శబ్దములును, ఛందస్సును, వ్యాకరణమును చెప్పి విరమించిన పంతులను. అట్టివాడు పసిబిడ్డల చర్మవ్యాధులను గూర్చి మాటాడ బూనుట సాహసమని మీకు తోచవచ్చును. అయినను మన యూళ్లలో బిడ్డ యొంటిమీద నొక పొక్కు లేచినప్పుడు మొదట పిలువబడువాడు వైద్యుడు కాడు. అరుగుమీద కూర్చున్న తాత. ఆయన "ఏమియు లేదు, పసుపు రాయుడు" అన్నచో ఇంటివారు పసుపు రాతురు. "ఆసుపత్రికి పొండు" అన్నచో పోవుదురు. కావున నీ సంగతులు ముందుగా తెలియవలసినది మనకు. నేను తెలియకయే మాటాడి మా యింటికి ముప్పు తెచ్చిన తాతను. ఆ కథ మొదట చెప్పెదను.

నాలుగేండ్ల క్రిందట, చలికాలమున, మా మనుమనికి ఏడవ నెల నడచుచుండెను. పగలు బాగుగానే యుండి, రాత్రి కాగానే నిద్రలేక యేడ్చుచుండెను. పాలు సరిగా త్రాగుట మానెను. చూడగా అరచేతులలోను, అరికాళ్లలోను, చంకలలోను ఆవగింజలవంటి పొక్కులు కనబడెను. నా భార్య దిష్టి యన్నది. నేను సెగ యంటిని. వేపాకు నూరి పట్టించితిమి. పది దినములైనను తగ్గలేదు. కోడలు "మామయ్యగారూ, ఒకసారి డాక్టరుగారికి చూపుదమా?" అని యడుగగా, "పొక్కులకు డాక్టరెందుకమ్మా?" అని, మందుల దుకాణమునుండి గొట్టములో వచ్చు లేపనమొకటి తెప్పించితిని. అది పూసిన రెండవనాటికే యెఱుపు తగ్గెను. నా తెలివికి నేనే మెచ్చుకొంటిని. మూడవ వారమునకు పొక్కులు రెట్టింపై ముఖమునకును, తలకును ప్రాకెను.

అప్పటికిగాని పిల్లల వైద్యునియొద్దకు పోలేదు. ఆయన బిడ్డను చూచి, మందు వ్రాయక, నావైపు తిరిగి "మాష్టారూ, మీ చేతులు చూపుడు" అనెను. నా వ్రేళ్ల సందులలోను, మణికట్టునొద్దను సన్నని పొక్కులును, గోళ్ల గీతలును ఉండెను. నెల దినములుగా నాకు రాత్రివేళ దురద కలదు. చలికి చర్మ మెండిన దనుకొంటిని. సాయంకాలము కాగానే ఆ బిడ్డను ఒడిలో పెట్టుకొని శ్లోకములు వినిపించువాడను నేనే. బిడ్డకు గజ్జి పట్టినది నా చేతులనుండి.

గజ్జి సెగవలన పుట్టదు, దిష్టివలన పుట్టదు. కంటి కానని సూక్ష్మజంతువొకటి, మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రముండునది, చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టుటచే కలుగును. ఇటలీలో బొనొమో యను వైద్యుడు 1687 లోనే దీనిని సూక్ష్మదర్శినితో చూచి ప్రకటించెను. ఇది పరదేశపు మాట యనుకొనువారు సుశ్రుతుని నిదానస్థానమును చూతురు గాక. చర్మరోగములు మొదలగు కొన్ని వ్యాధులు ఒంటికి ఒళ్లు తగులుటచేతను, ఒకే పడక, ఒకే బట్ట వాడుటచేతను ఒకరినుండి యొకరికి సంక్రమించునని అందు స్పష్టముగా నున్నది. నేను ఆ భాగము చదివినవాడనే. చదివినది నా వ్రేళ్లవరకు రాలేదు.

పెద్దలకు గజ్జి వ్రేళ్ల సందులలోను, నడుమునొద్దను, బొడ్డు చుట్టును వచ్చును. తలకును ముఖమునకును సామాన్యముగా రాదు. పసిబిడ్డకు అట్లు కాదు. అరచేయి, అరికాలు, తల, ముఖము అన్నియు చెడును. గోకికొనుట చేతకాని బిడ్డ యేడ్పే దురదకు గుర్తు. మొదటిసారి సోకినవారికి 4 మొదలు 6 వారములవరకు దురద తెలియనే తెలియదు. ఆలోపల ఇతరులకు అంటింపగలరు. అందుచేతనే ఇంటిలో దురద లేనివారుకూడ ఒకే దినమున మందు పూసికొనవలెనని వైద్యులందురు.

ఈ మాటనే మేము పాటింపలేదు. మందు పూసికొన్ననాడు ఆరేండ్ల మనుమరాలు పండుగకు అమ్మమ్మగారి యింట నుండెను. తిరిగి వచ్చినది, దానికి దురద లేదుకదా యని యూరకుంటిమి. కొన్నాళ్లకు దానికిని పొక్కులు లేచెను, గోకికొనెను, చీము పట్టెను. ఆ పుండ్లు మానినవి. మానిన మూడు వారములకు ఒక యుదయమున పిల్ల కన్నులు వాచి లేచెను. మూత్రము నల్లటీనీరువలె నుండెను. గజ్జిపుండ్లలో చేరిన స్ట్రెప్టోకాకస్ అను క్రిమివలన మూత్రపిండములకు వాపు కలిగినదని ఆసుపత్రిలో చెప్పిరి. పెక్కుమంది పిల్లలు దీనినుండి కోలుకొందురు. మా పిల్లయు కోలుకొన్నది. కాని రక్తపుపోటు కొలుచు యంత్రమును ఆ చిన్న చేతికి కట్టుచుండగా నేను ప్రక్క నిలిచి చూచిన దినములు మరువరానివి.

ఇక దుకాణపు లేపనము మాట. దానిలో స్టెరాయిడు కలదట. అది ఎఱుపును, దురదను అణచును, క్రిములను చంపదు. పైకి తగ్గినట్లు కనబడుచుండగా లోపల వ్యాధి ప్రబలును. తామరకు దీనిని పూసినచో చుట్టు గీతలు చెరగి, అది తామర యని వైద్యుడుకూడ వెంటనే గుర్తింపలేని రూపమును పొందును. పసిబిడ్డ చర్మము పలుచన గనుక ఆ మందు రక్తములోనికి ఎక్కువగా దిగును. వైద్యుడు వ్రాయనిది, మూడు మందులు కలిపినది, పొరుగువారికి తగ్గినదని చెప్పినది బిడ్డకు పూయరాదు.

గజ్జికి నేడు వాడుచున్నది నూటికి 5 పాళ్లు గల పెర్మెత్రిన్ లేపనము. ఇది 2 నెలలు నిండిన బిడ్డలకు వాడదగినది. అంతకు చిన్నవారికి ఏది వాడవలెనో వైద్యుడే చెప్పవలెను. పసిబిడ్డకు కన్నులు, నోరు విడిచి తలనుండి పాదములవరకు పలుచగా పూసి, 8 మొదలు 12 గంటలుంచి కడుగవలెను. చేతులు నోటిలో పెట్టుకొనకుండ పలుచని గుడ్డసంచులు తొడుగుట మంచిది. వారము దినములకు మరల నొకసారి పూయవలెను. ఆ దినముననే దుప్పట్లు, తువ్వాళ్లు, కట్టుబట్టలు వేడినీట నుడికించి యెండవేయవలెను; ఉతుకుటకు వీలులేని వానిని సంచిలో మూటగట్టి వారము దినములు ముట్టకుండినచో ఆ జంతువులు ఆహారము లేక చచ్చును.

గజ్జి కాని చీముపొక్కులు మరియొక జాతి. ముక్కు క్రిందను, నోటి చుట్టును చిన్న పొక్కు లేచి పగిలి, తేనె యెండి అట్టకట్టినట్లు పసుపుపచ్చని పెచ్చు కట్టును. గోరువెచ్చని నీటితోను సబ్బుతోను పెచ్చును నానబెట్టి మెల్లగా తుడిచి, వైద్యుడు చెప్పిన క్రిమిసంహారక లేపనము పూసినచో కొలది దినములలో మానును. బిడ్డ తువ్వాలు వేరుగా నుంచుట, అందరి గోళ్లు కత్తిరించుట మందుతో సమానము. నెలలోపు బిడ్డలకు ఇదియే నీటిబుగ్గల రూపమున వచ్చి, పగిలినచోట పచ్చిపుండు కనబడును. మరిగిన నీరు పడినట్లు చర్మము పొరలుగా ఊడుచున్నచో అది గృహవైద్యమునకు లొంగునది కాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చవలెను.

పుస్తకములలో "ఎఱుపు" అని వ్రాయుదురు గాని మన చామనచాయ బిడ్డలకు ఎఱుపు సరిగా తెలియదు. చర్మము నలుపెక్కినట్లో, ఊదారంగుగానో ఉండును. చేతివెనుక ప్రక్కను ఆనించి వేడి చూడవలెను. ప్రక్క చర్మముకంటె వేడిగాను, గట్టిగాను ఉన్నచో లోపల చీము కలదని శంకింపవలెను.

బొడ్డు సంగతి విడిగా చెప్పవలసి యున్నది. కోసిన బొడ్డుపై పేడ, బూడిద, నూనె, పసుపు పెట్టు ఆచారమువలన ఎందరు బిడ్డలు ధనుర్వాతముచే పోయిరో మన తరమువారికి తెలియును. గర్భిణులకు టీకా, ఆసుపత్రి పురుడు వచ్చిన తరువాత 2015 లో భారతదేశమున బాలింతల, నవజాతశిశువుల ధనుర్వాతము నిర్మూలింపబడినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించెను. అయినను నేటికిని బొడ్డుపై ఏదో యొకటి రాయు చేతులు కలవు. అది పొడిగా నుండవలెను. తనంతట తాను రాలవలెను. దుర్వాసన, చీము, చుట్టును ఎఱుపు గాని వాపు గాని కనబడినచో ఒక్క పూటయు జాగు చేయరాదు.

కర్పూరము కలిపిన కొబ్బరినూనె మన యిండ్లలో అన్ని పొక్కులకును వాడుదురు. కర్పూరము పసిబిడ్డ చర్మముగుండ లోనికి పోయి ఫిట్సు తెప్పింపగలదు. పుండ్లపై బోరిక్ పొడి చల్లుటయు విషతుల్యమే. వాతలు పెట్టుటను గూర్చి నేను చర్చింపను. అది వైద్యము కాదు.

ప్రతి పొక్కునకును భయపడవలదు. పుట్టిన వారములోపల ఎఱ్ఱని మచ్చల నడుమ తెల్లని చుక్కలవంటివి వచ్చి వానియంతట పోవును. బిడ్డ హుషారుగా పాలు త్రాగుచున్నచో చింతలేదు. వేసవిలో మెడమీద చెమటకాయలు లేచినచో పలుచని బట్ట, గాలి చాలును. పుట్టినప్పుడు ఎడమభుజముపై వేసిన బి.సి.జి. టీకా చోట కొన్ని వారములకు చిన్న పుండు లేచి, పగిలి, మచ్చగా మారును. అది టీకా పనిచేయు తీరు. పిండరాదు, ఏమియు పూయరాదు. తొడల సందులలో, మడతలలోపల ఎఱ్ఱగా ఒరిసి, చుట్టును చిన్న చుక్కలు చెదరియున్నచో అది శిలీంధ్రము; దానికి వేరే లేపనము కలదు.

రెండు నెలలలోపు బిడ్డకు జ్వరము గాని, ఒళ్లు చల్లబడుట గాని, పాలు త్రాగకుండుట గాని, పిలిచినను కదలకుండుట గాని చీముపొక్కులతో కలిసివచ్చినచో 108 కు ఫోను చేయుడు. పొక్కులు 10 గాని అంతకు మించి గాని యున్నను, ఒక్కటే పెద్ద సెగగడ్డ యైనను, జ్వరము లేకున్నను ఆసుపత్రికే. కన్ను చుట్టు వాచినను, నొక్కినపుడు మాయని ఊదామచ్చలు కనబడినను అంతే. ఆశా కార్యకర్త 3వ, 7వ, 14వ, 21వ, 28వ, 42వ దినములలో బాలింత యింటికి వచ్చును. ఆమె వచ్చినప్పుడు బిడ్డ బట్టలు విప్పి చూపుటకు సిగ్గుపడవలదని కోడండ్రకు మీరే చెప్పుడు.

మరియొక మాట. గజ్జిమందు వేసిన తరువాతను దురద 2 మొదలు 4 వారములుండవచ్చును. చచ్చిన జంతువుల శేషము చర్మమునుండి పోవువరకు అట్లుండును. అది తెలియక మరల మరల మందు పూసినచో చర్మము మండును. మా మనుమనికి మూడు వారములు పట్టెను. ఇప్పటికిని వాడు నా యొడి యెక్కునప్పుడు వాని అక్క నా వ్రేళ్లను విడదీసి సందులు చూచి గాని ఊరకుండదు. సెలవు.