బాణీ మొండికేసినప్పుడు

పాట కట్టేవాళ్లకు ఒక్కోసారి బాణీ మొండికేస్తుంది. ఏ వరస పట్టినా నిన్నటిదే వినిపిస్తుంది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ట్రాకులు చేసే పిల్లలకు ఈ బాధ బాగా తెలుసు. వాళ్లకు నేను నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి సంగతి చెబుతాను.

ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టారాయన. నాదస్వరం వాళ్ల ఇంటి విద్య. తండ్రి కాసిం సాహెబ్ దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర సాధన చేశారు. అయినా టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాయించే తంజావూరు బాణీ ఆయన్ని పట్టేసింది. అది నేర్చుకోవడానికి నాచియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకు మళ్లీ శిష్యుడయ్యారు. విద్య చేతిలో ఉండగా మళ్లీ మొదటి మెట్టు మీద కూర్చోవడం ఎంత కష్టమో వాయించేవాళ్లకే తెలుసు. నాదస్వరానికి మీటలుండవు. రంధ్రాన్ని వేలితో సగం మూసి, పీక మీద ఊపిరి బిగువు మార్చి గమకం పలికించాలి. బాణీ మారితే వేళ్లూ ఊపిరీ కొత్తగా నేర్చుకోవాల్సిందే. తర్వాత ఆయన శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

అందుకే, వరస తోచనప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వెతుక్కోకండి. మీది కాని బాణీ ఒకటి వారం రోజులు వినండి, గొంతెత్తి పాడి చూడండి. లేదా మోహన రాగంలో స, రి, గ, ప మాత్రమే పెట్టుకుని పావుగంట తిప్పండి. అదంతా రికార్డు చేసి మర్నాడు వినండి. పనికొచ్చే ముక్క అప్పుడు తేలుతుంది.