పల్లెసభ తీర్మానమూ, మన మినిట్స్ పుస్తకమూ

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతి ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పెన్షన్లు, ఖాళీల భర్తీ మొదలైన విషయాలపై ఈ తరగతిలో విపులమైన చర్చ జరిగినది. చివరి అంశంగా స్థానిక ప్రజాసభలను గురించి మాట్లాడదలచినామని తెలియగానే కొందరు మిత్రులు మమ్మల్ని సూటిగా ప్రశ్నించారు. గ్రామసభకూ మనకూ ఏమి సంబంధం? అడవిని, కొండను, ఏటి నీటిని కాపాడే పని మన సంఘానిదా? ఇవీ వారి ప్రశ్నలు. ఇవి న్యాయమైన ప్రశ్నలే. ఒక వాస్తవ ఘటనను మీ ముందుంచి వీటికి సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాము.

విజయనగరం – రాయపూర్ మార్గంలో పనిచేసినవారు మనలో చాలామంది ఉన్నారు. రాయగడ దాటిన తరువాత బిస్సంకటక్, మునిగుడ స్టేషన్ల ప్రాంతంలో బండి సాగుతున్నప్పుడు కనిపించే కొండల వరుసకు నియమగిరి అని పేరు. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాలలో ఈ కొండలు విస్తరించి ఉన్నవి. వాటిపై డోంగ్రియా కోంధులు నివసిస్తున్నారు. వారి మాతృభాష తెలుగుతో చుట్టరికం గల ద్రావిడ భాష. కొండవాలులో చిరుధాన్యాలు, పసుపు, అనాస పండించి వారపు సంతలలో అమ్ముకుంటారు. ఆ కొండకు అధిపతి నియమరాజు అని వారి విశ్వాసం. ఆ కొండల వాగులు వంశధార, నాగావళి నదులను పోషిస్తున్నవి. అనగా శ్రీకాకుళం జిల్లా రైతు మడిలోని నీటిలో నియమగిరికి కూడా కొంత పాలున్నది.

ఆ కొండ నెత్తిన సుమారు 7 కోట్ల టన్నుల బాక్సైటు నిక్షేపం ఉన్నది. వర్షాకాలపు నీటిని ఇముడ్చుకొని, ఏడాది పొడవునా వాగులలోకి నెమ్మదిగా వదిలేది కూడా ఆ బాక్సైటు పొరయే. తవ్వితే అల్యూమినియం వస్తుంది; తవ్వకుంటే నీరు వస్తుంది. వివాదమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

జరిగిన క్రమాన్ని గమనించండి. కొండ దిగువన లాంజిగఢ్‌లో వేదాంత సంస్థ శుద్ధి కర్మాగారం 2007లో ఉత్పత్తి ప్రారంభించినది. కొండను తవ్వడానికి అనుమతి మాత్రం అప్పటికి పూర్తిగా రాలేదు. 2008లో సుప్రీంకోర్టు సుమారు 660 హెక్టార్ల అటవీభూమి విషయంలో అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చినది. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ తుది అటవీ అనుమతిని నిరాకరించినది. వివాదం తిరిగి సుప్రీంకోర్టుకు చేరినది. 2013 ఏప్రిల్ 18న న్యాయస్థానం చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించినది. 2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం ఆ కొండపై తమకు గల సాముదాయిక, మతపరమైన, సాంస్కృతికమైన హక్కులను గ్రామసభలే పరిశీలించి నిర్ణయించాలనీ, జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకునిగా ఉండాలనీ ఆదేశించినది.

ఆ సంవత్సరం జులై, ఆగస్టు నెలలలో, వానాకాలంలో, పల్లెసభలు జరిగినవి. రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 గ్రామాలను రాష్ట్ర ప్రభుత్వం ఎంపిక చేసినది. కొండపై వందకు పైచిలుకు పల్లెలుండగా 12 మాత్రమే ఎందుకని కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖయే అభ్యంతరం చెప్పినది. ఆ అభ్యంతరం నెగ్గలేదు. జులై 18న సెర్కపాడిలో మొదటి సభ, ఆగస్టు 19న జరపాలో చివరి సభ జరిగినవి. సాయుధ పోలీసుల పహరా మధ్య, జిల్లా జడ్జి సమక్షంలో, స్త్రీలు పురుషులు ఒక్కొక్కరుగా లేచి తమ భాషలో తమ మాట చెప్పారు. 12 పల్లెలలో 12 పల్లెలూ తవ్వకాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించినవి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయానికి అనుగుణంగా అనుమతిని తుదిగా నిరాకరించినది. సభలు మళ్ళీ జరిపించాలని రాష్ట్ర పక్షాన వేసిన దరఖాస్తును 2016 మే నెలలో సుప్రీంకోర్టు తోసిపుచ్చినది.

మిత్రులారా, ఆ పల్లెలలో కొన్ని మన చిన్న స్టేషను సిబ్బంది సంఖ్య కంటె తక్కువ వోటర్లు గలవి. వారి చేతిలో పత్రిక లేదు, పార్టీ లేదు, ధనం లేదు. వారికి ఉన్నది ఒక సభ. దానికి చట్టబద్ధమైన గుర్తింపు ఉన్నది, సాక్షి ఉన్నాడు, వ్రాతమూలకమైన తీర్మానం ఉన్నది. ఈ మూడూ కలసినందువల్లనే ఆ మాట ఢిల్లీ దాకా నిలబడినది.

ఇక మనకు ఇబ్బంది కలిగించే ప్రశ్నకు వద్దాము. దీనిని తప్పించుకొని పోవడం మాకు ఇష్టం లేదు. ముడిసరుకు చాలక లాంజిగఢ్ కర్మాగారం 2012 డిసెంబరులో మూతపడి, 2013 జులై వరకు తెరుచుకోలేదు. ఆ ఏడు నెలలు అక్కడి కార్మికుల ఇళ్ళలో, కాంట్రాక్టు కూలీల ఇళ్ళలో పొయ్యి ఎట్లా వెలిగినదో మనం ఊహించగలము. వారూ మనవారే. రైల్వే ఆదాయంలో అధికభాగం సరుకు రవాణా నుండి వస్తున్నది. ఆ సరుకులో బొగ్గుదే ప్రథమస్థానం, ఖనిజాలదీ పెద్ద వాటాయే. కొత్తవలస – కిరండూల్ మార్గం పుట్టినదే 1960వ దశకంలో బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడ నుండి జపానుకు చేర్చడానికి. ఖనిజం నిండిన రేకు మన జీతపు రాళ్ళను కూడా మోసుకొని వస్తున్నదన్న మాట నిజం. అయితే కొండపల్లె వద్దన్నప్పుడు మనం ఎవరి పక్షాన నిలవాలి?

కర్మాగారం ముందు కట్టి, సభ ఆరేళ్ళ తరువాత పెట్టడమే ఇందులోని అసలు దోషమని మా అభిప్రాయం. సభ మొదటనే జరిగి ఉంటే ఏ కార్మికుడూ ఏడు నెలలు వీధిన పడవలసిన అవసరం ఉండేది కాదు. ఉన్న ఖనిజం ఎంత, అది ఎన్నేళ్ళు వస్తుంది, అది తరిగిన తరువాత ఉద్యోగి ఏమి కావాలి, ఏటికి నీరెక్కడిది అనే ప్రశ్నలన్నీ ఒకే చాప మీద కూర్చొని మాట్లాడుకోవలసినవి. యాజమాన్యం ఆ ప్రశ్నలను విడదీసి, నీటిని అడిగేవానిని ఉద్యోగం అడిగేవానికి ఎదురుగా నిలబెడుతున్నది. ఆ ఎత్తుగడకు మనం లోబడరాదు. లాంజిగఢ్ కర్మాగారం ఆ తరువాత ఇతర ప్రాంతాల బాక్సైటుతో నడుస్తూనే వచ్చినది. కొండను కాపాడిన తీర్పు కర్మాగారాన్ని సమాధి చేయలేదు. కాని ఆ ఖనిజం మరొక చోట మరొక కొండ నుండి వచ్చినదే గదా అని మీరు అడగవచ్చును. అడగాలి కూడా.

అదే ప్రాంతంలోని సిజిమాలి కొండ విషయం చూడండి. అక్కడి బాక్సైటు తవ్వకానికి 2023లో గ్రామసభలు సమ్మతించినట్లు కాగితాలు ఉన్నవి. అట్టి సభలు తాము ఎరుగమనీ, తమ పేర దొంగ సంతకాలు, వేలిముద్రలు పడినవనీ పలువురు గ్రామస్థులు ఆరోపించారు. అనగా పల్లెసభ బలాన్ని నియమగిరిలో అందరూ గుర్తించిన తరువాత, ఆ సభ నిజంగా జరిగినదా లేదా అన్నదే వివాదంగా మారినది. జరిగిన సభ కొండను నిలబెట్టగలదు. కాగితం మీద మాత్రమే జరిగిన సభ కొండను పోగొట్టగలదు.

ఈ విషయంలో తెలుగునాటికి కూడా ఒక ఘనత ఉన్నది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో, మన బొర్రా గుహలు స్టేషను పరిసర గ్రామాల నుండి పుట్టిన వివాదమే 1997 నాటి సమతా తీర్పుకు దారితీసినది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు ఆ తీర్పులో నిర్ధారించినది. ఆ స్టేషనులో దిగి గుహలు చూసి వచ్చే యాత్రికులలో ఈ సంగతి తెలిసినవారు బహు స్వల్పం. మనకైనా తెలిసి ఉండాలి.

ఇప్పుడు తపాలా సోదరులకు సంబంధించిన సంగతి చెప్పుతాము. రాజస్థాన్‌లో 1990 మే 1న ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరు 2న కోట్ కిరాణా గ్రామంలో ప్రజా విచారణ సభ జరిపినది. పనుల లెక్కలు, కూలీల హాజరు పట్టీలు బహిరంగంగా చదివి వినిపించారు. రాని కూలీల పేర్లు, కట్టని గోడలు బయటపడినవి. సమాచార హక్కు ఉద్యమానికి అటువంటి సభలే పునాది. 2005లో ఆ చట్టం వచ్చినది. అదే సంవత్సరం వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను, పనులపై గ్రామసభయే సామాజిక తనిఖీ జరపాలని నిర్దేశించినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఈ తనిఖీ విస్తృతంగా అమలు జరిగినది. చెరువు పూడికతీత, నీటి గుంటలు, గట్లు మొదలైన పనులకు కూలీ సొమ్ము తపాలా కార్యాలయాల ద్వారానే చెల్లించేవారు. గ్రామ యువకులు మస్టర్లను, తపాలా పాసుపుస్తకాలను పట్టుకొని ఇంటింటికీ తిరిగి, పిమ్మట సభలో పేరు పేరునా చదివేవారు. ఆ సభలలో వేలెత్తి చూపబడినవారిలో కొందరు బ్రాంచి పోస్టుమాస్టర్లు కూడా ఉన్నారు. దీనిని దాచవలసిన అగత్యం మాకు లేదు. కూలివాని సొమ్ము తిన్నవానికి సంఘం అండ ఉండదు, ఉండరాదు.

అయితే అదే సభలో రెండవ సత్యం కూడా చెప్పగల అవకాశం మనకు ఉండెను. నగదు సకాలంలో రాకపోవడం, కొద్దిపాటి భత్యంతో పనిచేసే గ్రామీణ డాక్ సేవకుని నెత్తిన వందల ఖాతాలు పడటం, బరువు పెరిగినా సహాయకులు పెరగకపోవడం – ఇవి చెప్పవలసినవారు చెప్పలేదు. మనవారు అనేక చోట్ల ఆ సభను శత్రుశిబిరంగా భావించి మొగం చాటేశారు. మనం వెళ్ళి, పుస్తకం తెరిచి, జాప్యం ఎక్కడ జరిగినదో తేదీలతో చూపి ఉంటే, కూలీలే మన కోర్కెలకు సాక్షులుగా నిలిచి ఉండేవారు. ఆ అవకాశం జారిపోయినది. మళ్ళీ వచ్చినప్పుడు జారిపోరాదు.

ఇక మనల్ని మనం పరీక్షించుకొందాము. అటవీహక్కుల నియమాలకు 2012లో జరిగిన సవరణ ప్రకారం గ్రామసభకు సగం మంది హాజరు కావాలి; హాజరైనవారిలో మూడవవంతు స్త్రీలు ఉండాలి. అడవిలోని పల్లెకు చట్టం పెట్టిన ఈ కొలబద్దను మన జనరల్ బాడీకి పెట్టి చూడండి. సభ్యులలో సగం మంది వచ్చిన సమావేశం మీ శాఖలో చివరిసారి ఎప్పుడు జరిగినది? మన కార్యాలయాలలో, ట్రాకు మీద, సార్టింగు బల్లల వద్ద పనిచేస్తున్న సోదరీమణులలో ఎందరు లేచి మాట్లాడారు? కార్యదర్శి ఇంట్లో వ్రాసి, తరువాత సంతకాలు తిప్పించిన మినిట్స్ ఎన్ని? సిజిమాలి కాగితాలను గురించి కోపించే హక్కు మనకు రావాలంటే ముందుగా మన పుస్తకం శుభ్రంగా ఉండాలి. మేము ఈ మాట మిమ్మల్ని నిందించడానికి అనడం లేదు. ఈ లోపంలో మా పాలు కూడా ఉన్నది. 1974 మే 8న ప్రారంభమైన మహా సమ్మెకు బలం చేకూర్చినది షెడ్డు ముందు, గేటు ముందు జరిగిన సభలే గాని పై కమిటీల ప్రకటనలు మాత్రమే కాదు. ఆ అలవాటు సన్నగిల్లినది.

అందువల్ల ప్రతి శాఖకు మూడు పనులు సూచిస్తున్నాము.

మొదటిది: మన సభ్యులలో చాలామందికి సొంత ఊళ్ళు ఉన్నవి. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో సాధారణంగా గ్రామసభలు జరుగుతాయి. సెలవు దొరికినవారు ఊరికి వెళ్ళి ఆ సభలో కూర్చోవాలి. ఉపన్యాసాలు ఇవ్వనక్కర లేదు. నోటీసు చదవడం, హాజరు లెక్కించడం, తీర్మానం వ్రాసిన వెంటనే బిగ్గరగా చదివించమని కోరడం – ఈ మూడు పనులూ యూనియన్ కార్యకర్తకు వెన్నతో పెట్టిన విద్యలే.

రెండవది: మన కాలనీలలోనే ఒక సభ పెట్టండి. రైల్వే కాలనీ బావులు, చెరువులు, చెట్లు, మురుగునీరు, చెత్త – వీటిపై సభ్యుల కుటుంబాలు, పక్క పేటవారు కలసి కూర్చొనగలిగితే, ఇరుగుపొరుగు మధ్య గోడ కొంత తగ్గుతుంది. తాగునీరు కాలనీ గోడ దగ్గర ఆగదు.

మూడవది: మన ప్రాంతంలో కొత్త గని, కొత్త కర్మాగారం, కొత్త సైడింగు వస్తున్నదని తెలిసినప్పుడు, ఉద్యోగాల లెక్కతోపాటు నీటి లెక్కను, భూమి కోల్పోయేవారి లెక్కను కూడా అడిగి మన సంఘం తెలుసుకోవాలి. ఆ లెక్కలను జనరల్ బాడీలో చదివిన తరువాతనే మన అభిప్రాయం ప్రకటించాలి. ఇట్లా చేసినందువల్ల కొన్ని సందర్భాలలో మన సభ్యుల మధ్యనే తీవ్రమైన అభిప్రాయభేదాలు రావచ్చును. రానివ్వండి. సభలో వచ్చిన భేదం సంఘాన్ని చీల్చదు. సభకు రాకుండా లోలోపల మిగిలిన భేదమే చీల్చుతుంది.

మిత్రులారా, నియమగిరి వాసులు మనలను ఏమీ అడుగలేదు. వారి కొండను వారే నిలబెట్టుకున్నారు. కాని ఆ కొండ పాదాన మన పట్టాలున్నవి, ఆ పల్లెలకు మన తపాలా సంచి పోతున్నది, ఆ వాగు నీరు మన అన్నదమ్ముల పొలాలలోకి వస్తున్నది. ఇంత సంబంధం ఉండి, మనకేమి సంబంధమని అడగడం తగునా? మీరు తిరిగి వెళ్ళగానే శాఖ మినిట్స్ పుస్తకం తెరవండి. రాబోయే జనరల్ బాడీ తేదీ వ్రాయండి. కోరం వచ్చేవరకు సభ ప్రారంభించకండి.

రైల్వే, తపాలా ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!
శ్రామిక ప్రజల సభలు వర్ధిల్లాలి!