ఒక మేడ, రెండు చల్లదనములు

వేసవి రాత్రి డాబా ఇంట పరుండిన వారికి తెలియని అనుభవము కాదిది: కిటికీలన్నియు తెరచి, పంకా త్రిప్పినను, పగలెల్ల ఎండను త్రాగిన పైకప్పు అర్ధరాత్రి దాటువరకు మనమీదికి సెగను దించుచునే యుండును. ఏలనన, మన దేహమునకు వేడిమి గాలివలననే గాక, చుట్టునున్న గోడలనుండియు కప్పునుండియు వికిరణరూపమునను సంక్రమించుచుండును.

ఈ న్యాయమునే తిరుగవేసి, కప్పునే చల్లబరచినచో ఏమగునని హైదరాబాదు శివారున పోచారములో ఇన్ఫోసిస్ సంస్థవారు పరీక్షించిరి. 2011లో వాడుకకు వచ్చిన ఒక మేడను సరిసమానముగా రెండు భాగములుగా నిర్మించి, ఒక సగమున మామూలు ఏసీని, రెండవ సగమున కాంక్రీటు కప్పులో పొదిగిన గొట్టములగుండ చల్లని నీటిని ప్రవహింపజేయు పద్ధతిని నెలకొల్పిరి. ఒకే ఎండ, ఒకే తీరు గోడలు, ఒకే విధమైన కార్యాలయపు పని; భేదమెల్ల చల్లబరచు విధమునందే. నీటి కప్పుగల సగము చల్లదనమునకై వాడిన విద్యుత్తు, ఏసీ సగముకంటె సుమారు మూడవవంతు తగ్గినది. సమాన ఘనపరిమాణమున గాలికంటె నీరు మూడువేల రెట్లకు పైగా వేడిమిని మోయగలదు గనుక, గాలిని నెట్టు పెద్ద పంకాల పనిని చిన్న పంపు నెరవేర్చెను. అయితే కప్పు మరీ చల్లనైనచో చల్లని నీళ్లు పోసిన చెంబునకు వలెనే చెమ్మ పట్టును. అందుచే లోనికి పంపు గాలిలోని తేమను ముందుగనే తీసివేయవలయును.

ఇన్ఫోసిస్ వంటి సేవారంగ సంస్థలు ఒక్కచోట గుమిగూడుటవలని మేలు, ఇట్టి నేర్పు వ్యాపించుటయందే కలదు. వాటి అవసరములు ఒక్కటే: వెలుతురు, చల్లదనము, కంప్యూటర్లు. ఒక మేడ కట్టి నేర్చిన ఇంజనీరు, గొట్టములు బిగించిన పనివాడు, ఆ నేర్పును ప్రక్క మేడకు కొనిపోవుదురు. హైటెక్ సిటీ చెంత 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్, పర్యావరణహిత భవనములకిచ్చు లీడ్ ప్లాటినం శ్రేణిని అమెరికా వెలుపల పొందిన మొదటి భవనము. అట్టిదానిని కన్నులార చూచి రాగల దూరమున నున్న నిర్మాతకు పుస్తకములు చెప్పలేని ధైర్యము కలుగును.

కాని గుంపుతోడనే బరువును వచ్చును. మేడలో మిగిల్చిన శక్తిని, ఉదయమున ఒకే దారిన బారులు తీరు వాహనములు వీధిలో కాల్చివేయుచున్నవి. ఆ ప్రయాణమును లెక్కింపని పొదుపును నేను సంపూర్ణమని అంగీకరింపజాలను. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరినది. అయినను స్టేషను మెట్లు దిగినపిదప ఎండలో నడక మిగిలియే యున్నది. పోచారపు మేడను రెండుగా పంచి కొలిచినట్లే, చెట్లనీడగల ఒక బాటను, నీడలేని వేరొక బాటను ప్రక్కప్రక్కన నుంచి, ఎందరు నడతురో, ఎందరు బండి నెక్కుదురో ఎవరైనను కొలువవలెనని నా కోరిక.