మాగిన దిబ్బ ఎరువు – నేల తెగుళ్ళకు అడ్డుకట్ట

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పూటపూటకూ పాలు పోస్తున్నాము. కొలతలోగాని, వెన్న శాతంలోగాని తేడా వస్తే అడుగుతున్నాము. కాని పేడ లెక్క ఎవరము చూస్తున్నాము? పాకలోనుంచి ఎత్తి దిబ్బ మీద పోసి, దుక్కి వేళకు పచ్చిదీ మాగినదీ కలగలిపి చేనికి తోలుతున్నాము. తరువాత వేరుశనగ మొక్క మొదట్లో తెల్లని బూజు పట్టి, ఆవగింజల వంటి గుండ్లు కనిపించి, మొక్క ఎండిపోతే తెగులును తిట్టుకుంటున్నాము.

ఇది మొదలుకుళ్ళు. దీనిని కలిగించే శిలీంధ్రము సగం కుళ్ళిన చెత్త మీద బలిసి మొక్కను పట్టుతుంది. పచ్చి ఎరువు తోలి మనమే దానికి మేత వేస్తున్నామన్నమాట! పైగా చెదలు, వేరుపురుగు కూడ చేరుతాయి.

మాగిన ఎరువు సంగతి వేరు. కుప్ప సరిగా వేస్తే లోపల 55 నుండి 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడి పుట్టి, తెగులు బీజాలు చాలావరకు చస్తాయి. అంచులకు ఆ వేడి తగలదు గనుక రెండు మూడు సార్లు తిరగవేయాలి. కుప్ప చల్లారాక మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగి, తెగులు శిలీంధ్రాలకు తిండి, చోటు దక్కనివ్వవు. కొన్ని వాటినే తినివేస్తాయి. నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉన్నదే మాగిన ఎరువు.

దీనికి మరింత బలం చేర్చవచ్చు. 90 కిలోల మాగిన ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, నీడన కుప్ప వేసి, నీళ్ళు చిలకరించి, గోనెపట్టాలు కప్పాలి. వారం పది రోజులలో బూజు అల్లుకుంటుంది. దానిని ఎకరా నేలలో, తేమ ఉన్నప్పుడు, ఆఖరి దుక్కిలో కలపాలి. శిలీంధ్రనాశక మందులను దీనితో కలపరాదు, ఎండలో ఆరబెట్టరాదు.

ఒక మాట దాచము. ఎండు తెగులు పాతుకుపోయిన కంది చేనికి ఎరువు ఒక్కటే చాలదు. తట్టుకునే విత్తనము, పంట మార్పిడి తప్పవు. తెగులు మొక్కలను దిబ్బలో వేయక, పీకి కాల్చివేయాలి.

చాలా ఇళ్ళలో పేడ ఎత్తేది ఆడవారే. కాబట్టి ఈ విషయం మగవారి చెవిన పడి ఆగిపోరాదు. ఈ వేసవిలోనే దిబ్బ తిరగవేయడం మొదలుపెడదాము. సెలవు.