37వ అక్షరం

పట్టాలు పుచ్చుకుంటున్న విద్యార్థులకు అభినందనలు. వెనక వరుసల్లో మీకంటే ఎక్కువ ఆనందంతో, మీకంటే ఎక్కువ ఉక్కపోతలో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అంతకు రెట్టింపు.

స్నాతకోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి కలలు కనమని చెప్పడం రివాజు. ఆ మాట మీకు చెప్పేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. జీవరసాయనశాస్త్రం తప్ప వేరే విద్య ఎరగనివాణ్ణి కనుక నేను ఒక ఎంజైము గురించి మాట్లాడతాను. దాని పేరు సీడీకేఏఎల్1. నోరు తిరగని పేరే, ఒప్పుకుంటాను. కానీ అది షుగర్ జబ్బు కథలో ఒక పాత్ర. ఆ జబ్బు గడప తొక్కని ఇల్లు ఈ హాల్లో ఎన్ని ఉంటాయో మీరే లెక్కవేసుకోండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్ల మంది. మీరు బయాలజీ చదివారని తెలిస్తే చాలు, పెళ్లిపందిట్లోనైనా రైల్లోనైనా ఒక ప్రశ్న తప్పదు: "మా నాన్నకి షుగర్ ఉంది బాబూ, నాకూ వస్తుందా?"

2007లో ఐస్‌లాండ్ పరిశోధకులూ, మరికొన్ని ఐరోపా, అమెరికా బృందాలూ వేలమంది డీఎన్‌ఏలను జల్లెడ పట్టారు. మధుమేహం ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే తేడాల్లో ఒకటి ఆరో క్రోమోజోము మీద, ఈ ఎంజైమును తయారుచేసే జన్యువులో తేలింది. అప్పటికి అది చేసే పని ఏమిటో ఎవరికీ తెలియదు. పేరును బట్టి సీడీకే5 అనే వేరే ఎంజైముతో దానికి ఏదో లంకె ఉంటుందని ఊహలు సాగాయి. ఆ ఊహలు దారి తప్పించాయి.

దారి చూపినవాళ్లు మధుమేహం జోలికే వెళ్లనివాళ్లు. వాళ్లు పనిచేసింది ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ మీద. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలోని మూడక్షరాల సంకేతాన్ని చదివి, దానికి తగిన అమినో ఆమ్లాన్ని రైబోసోముకు అందించే అణువు అది. సుమారు 75 నుంచి 90 అక్షరాల పొడవు ఉంటుంది. 1965లో రాబర్ట్ హోలీ ఈస్ట్ నుంచి తీసిన ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏను మొట్టమొదటిసారి అక్షరం అక్షరం చదివినప్పుడు, మామూలు నాలుగు అక్షరాలతో పాటు వింత అక్షరాలు కూడా కనబడ్డాయి. మూడేళ్లకు ఆయన మన హరగోవింద్ ఖొరానాతో, మార్షల్ నిరెన్‌బర్గ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ వింత అక్షరాలను మాత్రం చాలాకాలం పాఠ్యపుస్తకాలు అడుగు వరుసలో చిన్న అచ్చులో వదిలేశాయి.

అవి పుట్టుకతో వచ్చినవి కావు. ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక ఎంజైములు వాటికి రసాయనపు గుర్తులు తగిలిస్తాయి. "పలక"లో మొదటి అక్షరానికి దీర్ఘం ఇస్తే "పాలక" అయినట్టు, ఒక చిన్న గుర్తుతో చదువు మారిపోతుంది. మన కణాల్లోని ఒక్కో ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు సగటున 13 దాకా ఇలాంటి గుర్తులు ఉంటాయి.

సీడీకేఏఎల్1 పని ఈ కోవలోదేనని 2010లో తేలింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ బృందం బాసిల్లస్ సబ్టిలిస్ అనే మట్టి బాక్టీరియాలోని ఎంజైమునూ, ఎలుకలోని దాని జోడీనీ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. రెండూ చేసేది ఒకటే పని. లైసిన్‌ను మోసుకొచ్చే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలో, సంకేతం చదివే మూడక్షరాలకు ఆనుకుని ఉన్న 37వ అక్షరానికి ఒక గంధకపు పరమాణువునూ, ఒక మిథైల్ సమూహాన్నీ తగిలిస్తాయి. అందుకు ఇనుము, గంధకం కలిసిన గుత్తులు రెండు వాటిలో ఉంటాయి. గాలి తగిలితే ఆ గుత్తులు చెడిపోతాయి. అందుకే ఇటువంటి ఎంజైములతో పనిచేసేవాళ్లు ఆక్సిజన్ లేని గాజుపెట్టెలోకి చేతి తొడుగులతో చేతులు దూర్చి గంటల తరబడి కూర్చుంటారు. ల్యాబులో నడుం నొప్పి ఇక్కడే మొదలవుతుంది.

ఆ గుర్తుకూ షుగరుకూ ఏమిటి సంబంధం? ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ భాగమే. మన శరీరం ఇన్సులిన్‌ను ముందు 110 అమినో ఆమ్లాల గొలుసుగా తయారుచేస్తుంది. కోతలన్నీ అయ్యాక మిగిలే ఇన్సులిన్‌లో ఉండేవి 51 మాత్రమే. 110లో లైసిన్ వచ్చేది రెండే చోట్ల: 53వ స్థానంలో, 88వ స్థానంలో. ఆ 88వ లైసిన్ తన పక్కనున్న ఆర్జినిన్‌తో కలిసి కత్తెర పడాల్సిన చోటును సూచిస్తుంది. అక్కడ లైసిన్‌కు బదులు మరొకటి పడితే కోత సరిగా జరగదు. జపాన్‌లోని కుమమోటో విశ్వవిద్యాలయంలో ఫాన్-యాన్ వెయ్, కజుహితో తొమిజావా బృందం ఎలుకల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో మాత్రమే ఈ ఎంజైము లేకుండా చేసి, 2011లో ఫలితం ప్రకటించింది. లైసిన్ సంకేతాన్ని తప్పు చదవడం మొదలైంది, ఇన్సులిన్ విడుదల తగ్గింది, రక్తంలో చక్కెర అదుపు తప్పింది. కొవ్వు తిండి పెట్టినప్పుడు ఆ కణాలు ఇంకా త్వరగా డీలాపడ్డాయి.

ప్రొటీన్ తయారీలో తప్పులు దొర్లకుండా కణం ఎలా కాపు కాస్తుందన్న ప్రశ్న మీద మన హైదరాబాద్ సీసీఎంబీలో రాజన్ శంకరనారాయణన్ ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆ కృషికే 2020 ఇన్ఫోసిస్ ప్రైజు వచ్చింది. ఈ శాస్త్రం ఎక్కడో సముద్రాల అవతల జరిగేది కాదని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

ఇంతవరకు విని "అయితే షుగర్ జన్యువు దొరికింది" అని మీరు అనుకుంటే నేను చెప్పింది వృథా. ఐస్‌లాండ్ బృందం లెక్కలో అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన జన్యువు ప్రతులు రెండింటిలోనూ ఆ తేడా ఉన్నవాళ్లకు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు, ఇన్సులిన్ స్పందన దాదాపు 20 శాతం తక్కువ. 2010లో 5,164 మంది భారతీయుల మీద జరిగిన అధ్యయనంలోనూ ఈ జన్యువుకు సంబంధం ఉన్నట్టే తేలింది. సంబంధం ఉంది, నిజమే. అంతమాత్రాన తలరాత కాదు. ఇలాంటి తేడాలు వందల్లో ఉన్నాయి. వాటితో పాటు మన కంచంలోని తెల్లన్నం, మన నడుం చుట్టుకొలత, కదలకుండా గడిపే మన పగలు కూడా ఉన్నాయి. లాలాజలం పంపితే జాతకం చెబుతామనే కిట్లు అమ్మేవాళ్ల దగ్గర మీలో కొందరికి ఉద్యోగాలు వస్తాయి. జీతం తీసుకోండి, తప్పులేదు. ఒకటిన్నర రెట్లను "ఖాయం" అని మాత్రం అమ్మకండి.

పరిశోధనలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. గ్రెనోబుల్‌లో మట్టి బాక్టీరియా మీద పనిచేసినవాళ్లను "దీనివల్ల ఏ రోగం నయమవుతుంది?" అని నిలదీసి నిధులు ఆపేసి ఉంటే, 2007 నాటి ఆ జన్యువు ఇంకా కొన్నేళ్లు పేరుగానే మిగిలిపోయేది. రేపు మీరు ఆచార్యులై, అధికారులై నిధుల దరఖాస్తులు చూసే రోజున అలాంటి పని చేస్తామని వచ్చిన కుర్రవాణ్ణి, అమ్మాయిని ఉత్తి చేతులతో పంపకండి.

ఆ పని రేపటిది. ఈ వారంలో చేయగలిగింది ఒకటుంది: ఇంటికి వెళ్లాక మీ అమ్మానాన్నలకు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించండి. మీకు ముప్పై దగ్గరపడితే మీరూ చేయించుకోండి.